పర్వాలేదు అంటే ఎంత

నా మొహం చూసి ఇంతవరకూ ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు. గొంతు విని ఇచ్చారు. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఇరవై రెండేళ్ళు "ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి" అని చెప్పి చెప్పి అరిగిన గొంతు. రిటైరయ్యాక ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు. మా ఆయన్ని ఊపిరి బిగపట్టమంటే ముందు నన్ను నోరు బిగపట్టమంటాడు. అందుకని పెద్ద డాక్టరమ్మ కబురు పెట్టి, "మీరు కూర్చుని ఫోన్లు చెయ్యాలి, అంతే" అనగానే ఎవరికి, ఎందుకు అని కూడా అడక్కుండా తలూపేశాను.

పని సంగతి తరవాత తెలిసింది. కొంతమందికి ఒంట్లో నొప్పి ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, రక్తంలో ఏమీ ఉండదు, స్కానింగులో అసలే ఉండదు. అలాంటివాళ్ళు నాకు కొత్త కాదు. ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి డాక్టరు "నీకేమీ లేదు" అంటే మామూలు మనిషి ఎగిరి గంతేస్తాడు. వీళ్ళ మొహం వాడిపోతుంది. ఏమీ లేకపోతే మరి ఈ నొప్పి ఎవరిదన్నట్టు తమ చేతుల వైపే చూసుకుంటారు. ఇంటికెళ్తే అక్కడ కూడా "నీవన్నీ వేషాలు" అంటారు.

అలాంటి నొప్పి మందులతో కాకుండా మాటలతో తగ్గుతుందా, తగ్గితే ఎంత తగ్గుతుంది, అన్నదాని మీద పరిశోధన. అదీ, ఎప్పుడూ ఎవరూ కూర్చోబెట్టి "నీకేమైంది" అని అడగనివాళ్ళతో. ఊడ్చేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఆస్పత్రి బట్టలు ఉతికేవాళ్ళు. వారానికి ఒక గంట, పన్నెండు వారాలు, రెండు కుర్చీలు మాత్రమే పట్టే గదిలో మాటల డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆవిడ అసలు హోదా ఏమిటో పొడుగ్గా తలుపు మీద రాసి ఉంది కానీ, వచ్చేవాళ్ళంతా మాటల డాక్టరమ్మ అనే పిలిచేవాళ్ళు. సన్నగా, కళ్ళజోడుతో, నా చిన్న కూతురి కన్నా చిన్నది. స్థానాలు ఇరవై. రాయించుకున్నవాళ్ళు డెబ్బైమందికి పైనే.

అందుకే ఒక నియమం పెట్టారు. వారానికోసారి నేను ఫోన్ చేసి నొప్పి ఎలా ఉందని అడగాలి. సున్నా అంటే అసలు లేదు, ఒకటి అంటే కొంచెం, రెండు ఒక మాదిరి, మూడు ఎక్కువ, నాలుగు భరించలేనంత. వరసగా మూడు వారాలు ఒకటి దాటకపోతే ఆ మనిషి కోలుకున్నట్టు. ఆఫీసు నుంచి ఒక కాగితం వెళ్తుంది, స్థానం వెనకవాళ్ళకి పోతుంది. నా అంకెలు మాటల డాక్టరమ్మకి చూపించకూడదు. ఆ గదిలో ఆవిడ విన్నది నాకు చెప్పకూడదు. అలా అయితేనే పరిశోధన శుభ్రంగా ఉంటుందట. సరే, నాకేం పోయింది.

శిక్షణ రోజున లెక్కలాయన ఒక మాట దగ్గర ఆగాడు. అంకెలు చూసుకునేది ఆయనే. మంచివాడు, పుస్తకాల్లో తప్ప మనుషుల్లో పెరిగినట్టు కనబడడు. ఆ ప్రశ్నలు వేరే భాషలో పుట్టి మన భాషలోకి వచ్చినవి. కాగితం మీది అంకెల గడుల్లో లేని మాట ఎవరైనా అంటే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టుకుందాం అన్నాడు.

"మేడమ్, వీళ్ళు ఎక్కువగా 'పర్వాలేదు' అంటారట కదా. దానికి ఎంత వెయ్యమంటారు?"

గదిలో పెద్ద డాక్టరమ్మ ఉంది. ఇంకో నలుగురు చదువుకున్నవాళ్ళు ఉన్నారు. అందరూ నా వైపు చూశారు. ఇలాంటి జనంతో ఇరవై రెండేళ్ళు మాట్లాడినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఆ చూపులకి కొంచెం పొంగాను, అబద్ధమెందుకు.

"పర్వాలేదంటే బాగానే ఉందనండీ. ఒకటి వేసుకోండి," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. నిమిషం కూడా పట్టలేదు. మర్నాడు అచ్చు వేసిన కాగితంలో వచ్చింది: పర్వాలేదు, ఒకటి.

పదిహేడో నంబరు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. పేర్లు వాడకూడదు కాబట్టి నేను నాలో నేను దుప్పట్లమ్మ అనుకునేదాన్ని. కుడి భుజం దగ్గర మొదలై చెయ్యంతా మంట, లాగుడు, వేళ్ళలో తిమ్మిరి. ఆర్నెల్లుగా ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. నాలుగుచోట్ల చూపించుకుంది, నాలుగుచోట్లా ఏమీ లేదన్నారు.

మొదటి నాలుగు వారాలు నా ఫోన్ ఎత్తగానే ఏకరువు పెట్టేది. వెనకాల యంత్రాల హోరు, దాని మీదుగా ఆవిడ అరుపు. "చచ్చిపోతున్నానక్కా! దువ్వెన పట్టలేకపోతున్నా. ఎవరైనా కోసి అవతల పారేస్తే బాగుండు." నాలుగు, నాలుగు, మూడు, నాలుగు. ఐదో వారం గొంతు మారింది. మెత్తగా, మర్యాదగా, "పర్వాలేదక్కా. మీరెలా ఉన్నారు?" అంది. నన్నెలా ఉన్నావని అడిగిన మొదటి నంబరు ఆవిడే. ఆరో వారం అదే మాట, ఏడో వారం అదే మాట. ఒకటి, ఒకటి, ఒకటి.

ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంటికెళ్ళి మా ఆయనతో గొప్పలు పోయాను. "చూశావా, మాటలతో తగ్గింది! నాలుగు నుంచి ఒకటికి దిగింది!" అన్నాను. "నీ మాటలతో మాత్రం నాకు పెరుగుతోంది," అన్నాడు. ఆయన మీద కోపం కూడా రాలేదు ఆ రోజు.

ఎనిమిదో వారం ఆఫీసు నుంచి కాగితం వెళ్ళింది: మీరు కోలుకున్నందున ఇక రావలసిన అవసరం లేదు, అభినందనలు. దాని నకలు మీద సంతకం పెట్టి పంపాలి. పదిరోజులైనా ఆవిడ పంపలేదు. ఫోన్ ఎత్తలేదు. నాకు మెట్లు దిగితే అందే దూరమే కదా, నేనే వెళ్ళి పెట్టించుకొస్తానన్నాను. అభినందనలు నోటితో కూడా చెప్పొచ్చని సరదాపడ్డాను.

లాండ్రీ ఆస్పత్రికి కింద, నేల లోపల ఉంది. తలుపు తియ్యగానే ఆవిరి మొహాన కొట్టింది. ఒక వైపు ఉతికే యంత్రాలు, ఇంకో వైపు దుప్పట్లని వేడిగా బయటికి తోసే రోలర్లు, మధ్యలో పొడుగు బల్లలు. ప్రతి బల్ల దగ్గరా ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి దుప్పటి నాలుగు చెరగులూ పట్టుకుని, విదిలించి, దగ్గరికి నడిచి, ఒకరి చేతిలో చెరగులు ఒకరు పెట్టి, వంగి మడత అందుకుని మళ్ళీ వెనక్కి నడుస్తున్నారు. మాటల్లేవు. చూస్తూ ఉండిపోయేంత తీరుగా ఉంది ఆ పని.

చివరి బల్ల దగ్గర ఒక్కతే ఉంది. దుప్పటి ఒక చెరగు పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. రెండోది ఎడమచేత్తో బారుగా చాపి పట్టుకుంది. కుడిచెయ్యి పొట్టకి ఆనించి ఉంది, ఇంకెవరిదో చెయ్యి మోస్తున్నట్టు. మెడ ఒక పక్కకి గుంజి, దవడ బిగించి, దుప్పటిని గడ్డంతో నొక్కి మడిచి బల్ల మీద వేసింది. మళ్ళీ ఇంకోటి కరుచుకుంది.

కాగితం మీది పేరు చదివి అడిగితే పక్క బల్లవాళ్ళు చూపించేదాకా, అదే మా పదిహేడో నంబరని నాకు తెలియలేదు. ఫోన్లో మనిషి కనబడదు కదా.

"అమ్మా, నేను. ఫోన్ అక్కని," అన్నాను దగ్గరికెళ్ళి. "ఎలా ఉంది?"

పళ్ళ మధ్య గుడ్డ ఉంది. తియ్యకుండానే నవ్వబోయింది. "పర్వాలేదక్కా," అంది.

అదే గొంతు. అదే మెత్తదనం. మూడు వారాలు నేను విని ఒకటి వేసిన గొంతు.

"తగ్గిందా మరి?" అన్నాను, తగ్గలేదని కళ్ళెదుట కనబడుతున్నా.

గుడ్డ నోట్లోంచి తీసింది. "తగ్గడమా? ఎక్కడక్కా. దవడ కూడా పట్టేసింది ఇప్పుడు."

"మరి పర్వాలేదన్నావుగా తల్లీ ఫోన్లో!"

"మీరు వారం వారం అంత ప్రేమగా అడుగుతుంటే, ప్రతిసారీ నా ఏడుపే వినిపించడం బాగుంటుందా? మీకు మాత్రం విసుగుండదూ? ఏదో నెట్టుకొస్తున్నా, మీరు బెంగపెట్టుకోకండి అని చెప్పా."

ఆ మాటకి అర్థం నాకు తెలియదా? మా అత్తగారు మంచం పట్టిన ఏడాదంతా వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పిన మాట అదే. కాలు విరిగిన మనిషి బండి కింద నుంచి లేస్తూ అనే మాట అదే. పెళ్ళిచూపుల్లో పిల్ల ఎలా ఉందంటే ఒకలా అంటారు, ఒంట్లో ఎలా ఉందంటే ఇంకోలా అంటారు. పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. నలుగురు చదువుకున్నవాళ్ళు నా వైపు చూసేసరికి ఒక్క నాకే తెలియకుండా పోయింది.

ఆ బల్ల దగ్గర ఎందుకు ఒక్కతే ఉందో కూడా అప్పుడే అడిగాను. అవతలి వైపు నిలబడేది ఆవిడ తోడికోడలట. ఏడాది కిందట పోయింది. కొత్త మనిషిని వేస్తామన్నారు, ఈలోగా ఒక్కదానివే ఎలాగో కానివ్వమన్నారు. ఎలాగో అవుతోంది కాబట్టి ఇక ఎవరినీ వెయ్యలేదు. ఇన్నేళ్ళు బరువు దుప్పట్లు ఎత్తిన చెయ్యి నొప్పెట్టడానికి వేరే కథ ఎందుకు కావాలో నాకర్థం కాలేదు. కానీ పక్క బల్లవాళ్ళూ అవే దుప్పట్లు ఎత్తుతున్నారు, వాళ్ళ చేతులు లేస్తున్నాయి. అది కూడా నిజమే.

సంతకం అడగలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని పైకి వచ్చేశాను.

పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తిన్నగా వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎక్స్‌రే గదిలో అలవాటు కొద్దీ, వాళ్ళు అన్న మాట అన్నట్టు గడి పక్కన పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను. అదొక్కటే నేను చేసిన మంచి పని. కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూశాం. కోలుకున్నారని పంపేసినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో ఏడుగురి కాగితాల్లో ఆ పెన్సిలు మాట ఉంది.

"మేడమ్, మీరే కదా చెప్పారు ఒకటి వెయ్యమని," అన్నాడు లెక్కలాయన. నిందగా కాదు, నిజంగా అయోమయంలో పడి.

"నేనే చెప్పాను. పప్పులో కాలేశాను. ఏం చేస్తారో చెయ్యండి," అన్నాను. ఏడుపొస్తే నాకు గొంతు పెద్దదవుతుంది. అరిచినట్టే వినిపించి ఉంటుంది.

పెద్ద డాక్టరమ్మ కాగితాలన్నీ ఒకచోట పేర్చింది. తరవాత, "ఒక మాటకి అర్థం ఒక్కరినే అడిగి ఊరుకున్నాను, అది నా తప్పు," అంది. తిడితే బాగుండేది. ఏడుగురికీ మళ్ళీ ఫోన్లు చేయించింది. ఇద్దరు వస్తామన్నారు. ముగ్గురు ఎత్తలేదు. ఒకావిడ, "మీరే కదా బాగయిందన్నారు, మా ఇంట్లోవాళ్ళు ఆ కాగితం చూశారు, ఇక నొప్పి అంటే ఎవరు ఒప్పుకుంటారు," అని పెట్టేసింది. ఏడో మనిషి దుప్పట్లమ్మ. ఆవిడ దగ్గరికి నేనే వెళ్తానన్నాను.

మాటల డాక్టరమ్మ వరండాలో నన్ను ఆపింది. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఆవిడకీ సంగతి తెలిసింది.

"అక్కా, తనంతట తనే మానేసిందనుకున్నాను. ఏడో వారమే మొదటిసారి మనసు విప్పింది. మిగతాది వచ్చే వారం చెప్తానంది. ఎలాగైనా తీసుకురండి. ఆ మాట సగంలో ఆగకూడదు," అంది. ఏం మాటో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈసారి మధ్యాహ్నం విరామంలో వెళ్ళాను. యంత్రాలు ఆగి ఉన్నాయి. దుప్పట్లమ్మ బల్ల కింద కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దని, నేనూ పక్కనే నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్ళు పట్టేస్తాయని తెలిసే కూర్చున్నాను.

"అమ్మా, తప్పు జరిగింది. నువ్వు ఫోన్లో పర్వాలేదంటే, తగ్గిందని రాశాను. అందుకే ఆ కాగితం వచ్చింది. నీ స్థానం నీకు మళ్ళీ ఇస్తున్నారు. వచ్చే వారం నుంచి రా," అన్నాను. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలు.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. నన్ను చూసి ఆవిడ జాలిపడడమేమిటో నాకర్థం కాలేదు.

"ఆ తప్పు మీ నెత్తినెందుకు వేసుకుంటారక్కా? నన్నెందుకు పంపేశారో నాకు తెలుసు."

"ఎందుకు?"

"నేను చెప్పింది వినలేక."

ఆవిడే చెప్పుకొచ్చింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"పద్దెనిమిదేళ్ళక్కా మేమిద్దరం. ఇంట్లో ఒకటే పొయ్యి, ఇక్కడ ఒకటే బల్ల. వాళ్ళాయనతో గొడవైతే నా దగ్గరే పడుకునేది. ఆ రోజు ఒంట్లో బాగోలేదని రాలేదు. పొద్దున పదింటికి మా మరిది ఆ తలుపు దగ్గర నిలబడి, 'వదినా, అది పోయింది' అన్నాడు. అప్పుడు నా చేతిలో రెండు చెరగులున్నాయి. నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? 'అయ్యో, ఇక రేపట్నుంచి దుప్పట్లు అవతల ఎవరు పట్టుకుంటారు' అనిపించింది. ఏడుపు కాదు. అదీ గుర్తురాలేదు. ముందు దుప్పట్లే గుర్తొచ్చాయి. ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది. అదే చెప్పా ఆ డాక్టరు పిల్లకి. మా ఆయనకి కూడా చెప్పలేదు అప్పటిదాకా."

"ఆవిడేమంది?"

"ఏమంటుంది? తలొంచుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, నా మొహం చూడకుండా. టైమైంది, మిగతాది వచ్చే వారం విందాం అంది. వారం తిరక్కుండా కాగితం వచ్చింది, నువ్వు బాగయ్యావు ఇక రావద్దని." ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. "ఎవరు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుంటారు అలాంటిదాన్ని."

నా పిల్లల మీద ఒట్టు వేశాను. డాక్టరమ్మకి అంకెలు చూపించరని చెప్పాను, ఆ కాగితం ఆవిడ పంపలేదని చెప్పాను, శిక్షణ రోజు సంగతి, నా పొగరు సంగతి, గడుల సంగతి అన్నీ చెప్పాను. సంచిలోంచి పాత కాగితాలు తీసి పెన్సిలు మాటలు వేలితో చూపించాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ విన్నది. మధ్యలో ఒకసారి నా మోచెయ్యి నిమిరింది కూడా.

"మీరు చాలా మంచివారక్కా," అంది చివరికి. "నాకోసం ఇన్ని మెట్లు దిగొచ్చి ఇన్ని అబద్ధాలు చెప్పేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

జీవితంలో అంత నిజం నేనెప్పుడూ మాట్లాడలేదు. నమ్మించడానికి ఇంకేం మిగిలిందో వెతుక్కున్నాను, ఏమీ కనబడలేదు. గంట మోగింది. రోలర్లు కదిలాయి. ఆవిడ బల్ల పట్టుకుని లేచింది.

"ఆ పిల్లకి చెప్పండి, నేనేమీ అనుకోలేదని. చిన్నపిల్ల. ఇలాంటివి వినాలంటే ఎంతటివాళ్ళకైనా కష్టమే," అంది.

పైకొచ్చి ఆ కబురు ఉన్నదున్నట్టు మాటల డాక్టరమ్మకి అప్పజెప్పాను. విని కుర్చీలో కూలబడింది. "నాకు ఏడుపొచ్చింది అక్కా ఆ రోజు. వచ్చినవాళ్ళ ముందు ఏడవకూడదని మాకు నేర్పుతారు. కనబడకూడదని తలొంచుకున్నాను," అంది. ఆ మాటే వెళ్ళి ఆవిడకి చెప్పమన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళింది.

గంటలోపే తిరిగొచ్చింది. ఏమైందని అడిగితే చెప్పింది. దుప్పట్లమ్మ ఆవిడని చూసి హడావిడి పడిపోయి, స్టూలు తుడిచి కూర్చోబెట్టిందట. మంచినీళ్ళిచ్చిందట. ఈవిడ ఏడ్చిన సంగతి చెప్పబోతే సగంలోనే ఆపి, నువ్వు నా గురించి మనసు కష్టపెట్టుకోకమ్మా అందట. ఇక నేను రావక్కర్లేదు, ఆ కాగితంలో రాసింది నిజమే, నొప్పి పూర్తిగా పోయింది, అంతా నీ చలవే అందట.

నమ్మకం కలగడానికి కుడిచెయ్యి తల మీదుగా పైకంటా ఎత్తి చూపించిందట, పళ్ళు బిగించి నవ్వుతూ.